ఖాతా పుస్తకంలో టైగర్

తెల్లవారుజాము నాలుగు. డొరగుడ ఇంకా లేవలేదు. అల్యూమినా ఫ్యాక్టరీ దీపాలు మాత్రం మంచులో పచ్చగా మసకేసి కనిపిస్తున్నాయి. పగలంతా చెవికి ఆనని ఫ్యాక్టరీ హోరు ఈ వేళప్పుడు నేలలోంచి వస్తున్నట్టుంటుంది. మామయ్య కిరాణా కొట్టు ముందు బొలెరో ఆగి ఉంది. వెనక సీటు మీద అత్తమ్మ పాత దుప్పటి నాలుగు మడతలు వేసి పరిచింది. మీరు ఓ మూలకి జరిగి కూర్చున్నారు. ఇక టైగర్ ఎక్కాలి.

ఎనిమిదేళ్ళ జర్మన్ షెపర్డ్ క్రాసు. 36 కిలోలు. సరుకు దించడానికి వచ్చిన కళాసీలు వీడి మొహం చూసుకున్నాకే కొట్టు మెట్టెక్కేవాళ్ళు. ఇప్పుడు కుడి ముందరికాలు నేలకి ఆనించకుండా మూడు కాళ్ళ మీద నిలబడి, బండి వంకా మామయ్య వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. మామయ్య వాడి పొట్ట కింద చేతులు పోనిచ్చి ఎత్తాడు. ఆ కాలు సీటు అంచుకి రాసుకుంది. టైగర్ అరవలేదు. ఊపిరి బిగబట్టి, మీ ఒళ్ళో తల పెట్టాక నెమ్మదిగా వదిలాడు.

"సూడు, ఒక్క మూలుగు లేదు," అంది అత్తమ్మ కిటికీ పక్కన నిలబడి. "మనకైతే ఈపాటికి ఊరంతా లేచిపోను."

బండి కదిలాక చీకట్లో మీ చెయ్యి వాడి మణికట్టు పైకి వెళ్ళింది. అక్కడ జామకాయంత ఉబ్బు. గట్టిగా ఉంది, వేడిగా ఉంది. వేలితో జరిపితే జరగదు. ఎముకలోంచే లేచినట్టుంది.

మొదలై రెండు నెలలు కావస్తోంది. ముందు బెణికిందనుకున్నారు. బండి మీద ఊళ్ళు తిరుగుతూ పశువులకి సూదులేసే ఒకాయన్ని పిలిచారు. ఆయన సూది వేసిన మర్నాడు టైగర్ కొట్టు చుట్టూ పరిగెత్తాడు. నాలుగు రోజులకి మళ్ళీ కుంటడం. మళ్ళీ సూది, మళ్ళీ పరుగు, మళ్ళీ కుంటడం. మూడోసారి సూది పడ్డాక మాత్రం పరుగు రాలేదు.

ముందు సీట్లో మామయ్య ఒళ్ళో రెండు వస్తువులున్నాయి. ఒకటి క్యారీ బ్యాగు, అందులో ఆ సూదిమందు ఖాళీ సీసా. రెండోది కొట్టు ఖాతా పుస్తకం, ఎర్ర అట్టది. ప్రయాణానికి ఇదెందుకని మీరు అడిగితే ఆయన నవ్వాడు. "అలవాటు. ఇది చేతిలో లేకపోతే చొక్కా వేసుకోనట్టుంటాది."

ఘాటు మలుపులు దిగి రాయగడ చేరేసరికి తెల్లారింది. మజ్జిగౌరమ్మ గుడి ఉన్న వైపు తిరిగి మామయ్య చెంపలు వేసుకున్నాడు. ఆదివారమైతే శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చే మొక్కుబడుల జనంతో ఊరు కిక్కిరిసిపోతుంది. ఇవాళ మంగళవారం, రోడ్డు ఖాళీ. కూనేరు దగ్గర పొలిమేర దాటగానే దుకాణాల బోర్డులు ఒడియా వదిలి తెలుగులోకి వచ్చేశాయి. కొమరాడ, పార్వతీపురం, బొబ్బిలి, రామభద్రపురం, గజపతినగరం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా వెనక వదిలి వచ్చిన ఆ కొరాపుట్ కొండలూ ముందున్న ఈ మైదానమూ మద్రాసు ప్రెసిడెన్సీలో ఒకే విశాఖపట్నం జిల్లా. గీత గీసి దాదాపు తొంభై ఏళ్ళయినా, ఆ కొండల్లోని తెలుగువాళ్ళకి పెద్ద జబ్బొస్తే కాళ్ళు ఇటే లాగుతాయి. మనిషికైనా, కుక్కకైనా.

విశాఖలో ఆ క్లినిక్ చిన్నదే. ఫినాయిలు వాసన, గోడ మీద టీకాల పట్టిక, మూల బుట్టలో వణుకుతున్న ఓ పిల్లి. డాక్టరమ్మ టైగర్‌ని బల్ల ఎక్కించలేదు. తనే నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ముందు బాగున్న కాలు పట్టుకుంది. వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి, భుజం ఒక్కొక్కటే నొక్కి చూసింది. టైగర్‌కి నమ్మకం కుదిరాక రెండో కాలికి వచ్చింది. ఉబ్బు మీద బొటనవేలు ఆనగానే వాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"మా చదువులో ఒక గుర్తు చెప్తారు," అంది ఆవిడ మీతో. "పెద్ద కుక్కల్లో ఈ జబ్బు మోచేతికి దూరంగా, మోకాలికి దగ్గరగా కూర్చుంటుంది. మణికట్టు పైనా, భుజం దగ్గరా, మోకాలికి అటూ ఇటూ. ఫోటో తీద్దాం."

ఎక్స్‌రే తెర ముందు మీరూ మామయ్యా నిలబడ్డారు. నల్లటి తెర మీద ముంజేతి ఎముకలు రెండు, పక్కపక్కన. సన్నది బాగానే ఉంది. లావుదాని కింది కొస చూడండి. పైనంతా నున్నగా తెల్లగా ఉన్న ఎముక, మణికట్టు దగ్గరికి వచ్చేసరికి చెదలు తిన్న వాసంలా గుల్లబారింది. గుల్లబారిన చోటు నుంచి తెల్లటి సన్న గీతలు బయటికి పొడుచుకొచ్చాయి, చిన్నపిల్లలు సూర్యుడి చుట్టూ గీసే కిరణాల్లాగా. ఎముకని పుట్టించాల్సిన కణాలే అదుపు తప్పి, ఒకచోట తినేస్తూ ఇంకోచోట అడ్డదిడ్డంగా కట్టేస్తున్నాయి. ఇంత విధ్వంసమూ కీలు అంచున ఆగిపోయింది. కీలు దాటి అవతలి ఎముకని ముట్టుకోలేదు.

డాక్టరమ్మ పెన్ను కొస ఒకచోట పెట్టింది. ఎముక మీది పొరని కణితి లోపలి నుంచి ఎత్తేయడంతో అంచున చిన్న డేరా వేసినట్టు ముక్కోణం ఏర్పడింది.

"దీన్ని కోడ్‌మన్ త్రికోణం అంటారు."

ఆ పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. అర్నెస్ట్ కోడ్‌మన్ బోస్టన్ సర్జను. 1869లో పుట్టి 1940లో పోయాడు. ఆయనకో పిచ్చి ఉండేది. ఆపరేషన్ చేయించుకుని వెళ్ళిన ప్రతి రోగికీ ఒక కార్డు పెట్టి, తర్వాత ఏమయ్యాడో, బతికాడో పోయాడో, వైద్యం పనిచేసిందో లేదో ఆ కార్డులో రాయాలంటాడు. తోటి డాక్టర్లకి ఇది మింగుడు పడలేదు. రాస్తే ఎవరి చేతిలో ఎందరు పోయారో బయటపడుతుంది కదా. ఆయన మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌తో తగువు పడి బయటికి వచ్చాడు. ఎముక క్యాన్సర్ రోగుల వివరాలన్నీ ఒకచోట చేర్చే రిజిస్ట్రీని మొదలుపెట్టిందీ ఆయనే. ఎక్స్‌రేలో ఈ ముక్కోణానికి ఆయన పేరు మిగిలింది. ఆ కార్డుల పిచ్చి మాత్రం ఇవాళ బయోమార్కర్ అనే ప్రతి మాట వెనకా ఉంది. రక్తంలో ఫలానా అంకె ఎక్కువుంటే ఆయుష్షు తక్కువ అని ఎవరైనా చెప్పగలుగుతున్నారంటే, అంతకుముందు ఎవరో ఒకరు వందల కుక్కల రక్తం అంకె రాసుకుని, ఆ కుక్కలు పోయిన తేదీలు కూడా రాసుకున్నారన్నమాట. జోస్యంలా వినబడుతుంది గానీ నిజానికి అది పాత పద్దుల కూడిక.

సన్నటి సూదితో ఉబ్బులోంచి కాస్త లాగి, గాజు పలక మీద పూసి రంగు వేసి చూశాక డాక్టరమ్మ మాట తిన్నగానే చెప్పింది.

"ఆస్టియోసార్కోమా. కుక్కలకి ఎముకలో పుట్టే క్యాన్సర్లలో వందకి 85 ఇదే."

తర్వాత ఛాతీ ఎక్స్‌రేలు మూడు. టైగర్‌ని కుడి పక్కకీ, ఎడమ పక్కకీ, వెల్లకిలా పడుకోబెట్టి తీశారు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. మామయ్య మొహంలో వెలుగు వచ్చింది. డాక్టరమ్మ ఆ వెలుగుని ఎక్కువసేపు ఉండనివ్వలేదు.

"బఠాణీ గింజంత అయితే గానీ ఎక్స్‌రేకి కనపడదండి. జబ్బు తెలిసిన రోజుకే వందలో తొంభై కుక్కలకి పైగా కంటికి ఆనని కణాలు ఊపిరితిత్తుల్లోకి చేరిపోయి ఉంటాయి. కనపడేది మాత్రం వందలో పదీ పదిహేనుకి. కాలు తీసేస్తే కాలి జబ్బు పోతుంది. తర్వాత ఎన్నాళ్ళనేది ఊపిరితిత్తులు చెప్తాయి."

"ఎన్నాళ్ళండీ?" అన్నాడు మామయ్య. పొద్దున బయల్దేరేటప్పుడు అత్తమ్మ అడిగి తెమ్మన్న ఒకే ఒక్క ప్రశ్న అది.

జవాబుగా ఆవిడ టైగర్ ముందరి రెండో కాలికి రబ్బరు పట్టీ బిగించి రక్తం తీసింది. ఊదా మూత గొట్టంలో కొంత, ఎర్ర మూత గొట్టంలో కొంత.

"వంద కుక్కల్ని వరసగా లైన్లో నిలబెట్టామనుకోండి, రేషన్ డిపో దగ్గర లాగా. అందరికీ ఇదే జబ్బు, అందరికీ కాలు తీశారు. ఏ మందూ వాడలేదు. ముందు పోయేది ముందు, చివర పోయేది చివర. యాభయ్యో కుక్క పోయేది నాలుగైదు నెలలకి. కార్బోప్లాటిన్ లాంటి కీమో ఇస్తే ఆ యాభయ్యోది పది నెలల నుంచి ఏడాది దాకా ఉంటుంది. అందులో ఓ ఇరవై కుక్కలు రెండేళ్ళు దాటతాయి. పుస్తకంలో ఉండేది ఆ యాభయ్యో కుక్క లెక్క. మీకు కావాల్సింది టైగర్ లెక్క."

"మరి వీడు లైన్లో ఎక్కడున్నాడు?"

"అది పట్టుకోడానికే ఈ రక్తం. తేదీ చెప్పదు. ముందు సగంలో ఉన్నాడో వెనక సగంలో ఉన్నాడో కాస్త చూచాయగా చెప్తుంది."

గంటన్నర తర్వాత ఎర్ర మూత గొట్టం రిపోర్టు చేతికొచ్చింది. అంకెల వరసలో ఒక దాని పక్కన నల్లగా చిన్న 'హెచ్' అక్షరం. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, ఉండాల్సిన దాని కంటే ఎక్కువ.

ఈ ఎంజైమునే ల్యాబుల్లో ఆల్క్ ఫాస్ అంటారు. ఎముకని కట్టే కణాలు తమ పనిలో భాగంగా దీన్ని తయారు చేస్తాయి. అందుకే ఎదిగే కుక్కపిల్లల్లో మామూలుగానే ఎక్కువుంటుంది. ఆస్టియోసార్కోమా పుట్టింది కూడా ఆ కణాల వంశంలోనే కాబట్టి కణితి పుంజుకుంటే రక్తంలో ఇదీ పెరగవచ్చు. 1990ల చివరి నుంచే పశువైద్యులు ఈ సంగతి గమనిస్తూ వచ్చారు. 2012లో నెదర్లాండ్స్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్క కట్టినప్పుడు రెండు విషయాలు గట్టిగా నిలబడ్డాయి. కణితి భుజం దగ్గరి ఎముకలో ఉన్న కుక్కలూ, రక్తంలో ఆల్క్ ఫాస్ ఎక్కువున్న కుక్కలూ లైన్లో ముందుకి జరిగిపోతున్నాయి. కోట్ల ఖరీదు యంత్రాలేమీ అక్కర్లేదు. ఏ ఊళ్ళో ల్యాబైనా చేసే మామూలు పరీక్ష ఇది.

మీరు ఆ 'హెచ్' మీద వేలు పెట్టి డాక్టరమ్మ వంక చూశారు. ఆవిడ రిపోర్టు పక్కన పెట్టి మామయ్యని అడిగింది.

"ఈ మధ్య స్టీరాయిడ్ సూదులేమన్నా వేయించారా?"

"సూదులైతే ఏసినాడండి ఒకాయన. ఏ మందో తెలీదు." మామయ్య క్యారీ బ్యాగులోంచి ఖాళీ సీసా తీసి ఇచ్చాడు. ఆవిడ లేబుల్ని వెలుతురుకి పెట్టి చదివింది. డెక్సామెథసోన్.

"ఎప్పుడు వేశాడు? సరిగ్గా గుర్తుందా?"

గుర్తు లేదు. కానీ పుస్తకం ఉంది. మామయ్య ఎర్ర అట్ట తెరిచి పేజీలు వెనక్కి తిప్పాడు. బియ్యం పాతిక కిలోలు, పామాయిల్ రెండు ప్యాకెట్లు, కందిపప్పు, బాకీ, జమ. ఆ వరసల మధ్యలో మామయ్య వంకర రాతలో: కుక్క సూది 150. వారానికి ఇంకో పేజీలో మళ్ళీ: కుక్క సూది 150. మూడోది. పక్కన తేదీ.

డాక్టరమ్మ వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టింది. ఆఖరి సూది పడి పందొమ్మిది రోజులు.

"ఈ పుస్తకం మీరు తేకపోయుంటే నేను పొరపాటు పడేదాన్ని," అంది. "మనుషులకి లేని వింత ఒకటి కుక్క లివరుకి ఉంది. స్టీరాయిడ్ తగిలితే అది తన సొంత రకం ఆల్క్ ఫాస్ తయారు చేసి రక్తంలోకి వదులుతుంది. మందు ఆపినా దిగడానికి వారాలు పడుతుంది. ఇప్పుడీ 'హెచ్' ఎముకది కావచ్చు, సూదిది కావచ్చు, రెండూ కావచ్చు. విడదీసే పరీక్షలున్నాయి గానీ ఇక్కడ చేసేవాళ్ళు లేరు. కాబట్టి ఈ అంకెని ఇవాళ నమ్మను."

మామయ్య తల వంచుకున్నాడు. నూట యాభై రూపాయల సూది టైగర్‌కి నాలుగు రోజుల పరుగు ఇచ్చింది. బదులుగా వాడి రక్తం చెప్పబోయే మాటని చెరిపేసింది.

"రండి, ఇంకొకటి చూపిస్తాను," అంటూ ఆవిడ మిమ్మల్ని మైక్రోస్కోపు దగ్గరికి పిలిచింది.

కన్ను ఆనించండి. మొదట అంతా పలచటి గులాబీ మసక. చక్రం కాస్త తిప్పితే మసక విడిపోయి ఎర్రకణాలయింది, ఆరబోసిన మినప గుళ్ళలా. అక్కడక్కడా ఊదా రంగు మచ్చలు తెల్లకణాలు. కేంద్రకం ముక్కలు ముక్కలుగా ఉన్నవి న్యూట్రోఫిల్స్. కణమంతా కేంద్రకమే నిండి గుండ్రంగా ఉన్నవి లింఫోసైట్లు. డాక్టరమ్మ గాజు పలకని వెంట్రుకవాసి జరిపింది. "అదిగో, మధ్యలో పెద్దది." మిగతా వాటికంటే పెద్ద కణం. బూడిద కలిసిన నీలం రంగు ఒళ్ళు, అందులో సబ్బు నురగ బుడగల్లాంటి చిన్న ఖాళీలు, చిక్కుడు గింజలా వంగిన కేంద్రకం. మోనోసైటు.

ఆవిడ వేలి కింద కౌంటరు టిక్కు టిక్కుమంటోంది. వంద తెల్లకణాలు లెక్కయ్యేసరికి మోనోసైట్లు ఐదు.

ఒంట్లో గాయమైనా చీము పట్టినా రక్తంలోంచి కండలోకి దిగి శుభ్రం చేసే పనివాళ్ళు ఈ మోనోసైట్లు. కణితి వీళ్ళని పిలిపించుకుని తన పక్షానికి తిప్పుకోగలదు. లోపలికి వెళ్ళినవాళ్ళు కణితితో పోరాడాల్సింది పోయి దానికి కొత్త రక్తనాళాలు వేయడంలో, మిగతా కాపలా కణాల్ని జోకొట్టడంలో సాయపడతారు. 2011లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పశువైద్యులు ఆస్టియోసార్కోమా కుక్కల పాత రికార్డులు తిరగేసి ఒక సంగతి బయటపెట్టారు. వైద్యానికి ముందు రక్తంలో మోనోసైట్లూ లింఫోసైట్లూ ఎక్కువున్న కుక్కలకి జబ్బు తొందరగా తిరగబెట్టింది. ఆ అంకెలు చాలా కుక్కల్లో నార్మల్ హద్దుల లోపలే ఉన్నాయి. అంటే ఏ ల్యాబూ వాటి పక్కన 'హెచ్' వేయదు. చదవడం తెలిసినవాళ్ళకే కనిపించే గుర్తు అది.

"స్టీరాయిడ్ ఇక్కడా వేలు పెడుతుంది," అంది డాక్టరమ్మ. "కుక్కల్లో మోనోసైట్లని పెంచుతుంది, లింఫోసైట్లని తగ్గిస్తుంది. కానీ ఆ గోల కొద్ది రోజుల్లో సద్దుమణుగుతుంది. పందొమ్మిది రోజులయింది కదా. ఈ లెక్కని కొంతవరకు నమ్మొచ్చు. టైగర్‌కి మోనోసైట్లు తక్కువ వైపే ఉన్నాయి."

ప్రిస్క్రిప్షన్ వెనక ఆవిడ మూడు గళ్ళు గీసింది. మొదటి గడిలో నమ్మొచ్చు అని రాసి, కింద: కణితి మణికట్టు దగ్గర, భుజం కాదు, ఊపిరితిత్తుల్లో కనపడేదేమీ లేదు. రెండో గడిలో సగం నమ్మొచ్చు అని రాసి, కింద: మోనోసైట్లు తక్కువ. మూడో గడిలో ఇప్పుడు నమ్మలేం అని రాసి, కింద: ఆల్క్ ఫాస్. మామయ్య ఆ కాగితాన్ని ఖాతా పుస్తకంలో పెట్టుకున్నాడు.

క్లినిక్ ఎదురుగా టీ బండి. టైగర్ నీడలో పడుకున్నాడు. మీ ఫోను తీసి వెతకడం మొదలుపెడితే ఈ మూడు గళ్ళ కాగితం అవతల పెద్ద లోకమే ఉంది. జపాన్ పరిశోధకులు 2019లో కుక్కల రక్తంలో తిరిగే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు కొలిచి, 214వ నంబరుది ఎక్కువున్న కుక్కలకి కాలు తీసి కీమో ఇచ్చినా జబ్బు త్వరగా తిరగబెట్టిందన్నారు. అమెరికాలో మినసోటా యూనివర్సిటీ వాళ్ళు ఇంకో యుక్తి పన్నారు. కణాలు రక్తంలోకి అతి చిన్న సంచులు వదులుతుంటాయి, ఎక్సోసోమ్‌లు. వాటిలో ఆ కణం సందేశాల తునకలుంటాయి. అయితే ఏ సంచి కణితిది, ఏది ఒంటిది? అది తేల్చడానికి కుక్క కణితిని ఎలుకల్లో పెంచారు. ఎలుక రక్తంలో కుక్క సందేశం దొరికితే అది కణితిదే, ఎలుక సందేశమైతే కణితిని చూసి ఒళ్ళు పలికింది. ఆ తేడాల్లోంచి కొన్ని జన్యువుల జాబితాని ఏరి, కంప్యూటర్‌కి నేర్పి, జబ్బు కుక్కల రక్తం మీద పరీక్షించి 2021లో ప్రచురించారు. ఆపరేషన్ అయ్యాక ఒంట్లో జబ్బు ఇంకా దాగి ఉందా అనే ప్రశ్నకి జవాబు వెతికే దారి అది.

కుక్కల మీద ఇంత శ్రద్ధ ఎందుకంటే ఇదే క్యాన్సర్ పిల్లలకీ వస్తుంది. ఎత్తు ఎదిగే వయసులో, ఎక్కువగా మోకాలి దగ్గర. అమెరికాలో ఏటా వెయ్యి లోపు మనుషులకి వస్తే కుక్కలకి పదివేలకి పైనే వస్తుందని అంచనా. కుక్క జీవితం పొట్టిది కాబట్టి మనుషుల్లో ఏళ్ళు పట్టే జవాబు వాటిలో నెలల్లో తేలుతుంది. అక్కడి జాతీయ క్యాన్సర్ సంస్థ 2003లో పెంపుడు కుక్కల క్యాన్సర్ల నుంచి నేర్చుకోడానికి ప్రత్యేక విభాగమే పెట్టింది, చాంద్ ఖన్నా అనే పశువైద్యుడి నాయకత్వంలో. మీరు టీ తాగుతున్న ఈ ఊళ్ళోనే, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఎముక క్యాన్సర్ వచ్చిన పిల్లవాడి రక్తంలో కూడా డాక్టర్లు చూసే అంకెల్లో ఈ ఆల్క్ ఫాస్ ఉంటుంది.

ఆ పెద్ద లోకంలోని పరీక్షలేవీ ఈ టీ బండి ఎదురుగా ఉన్న బల్ల మీదికి ఇంకా రాలేదు. మామయ్య మీ ఫోను వంక చూడలేదు. అత్తమ్మకి చేసి మాట్లాడుతున్నాడు.

"సగం కుక్కలు ఏడాది లోపు పోతాయట. సగం ఉంటాయట."

అవతల అత్తమ్మ ఏదో అంది.

"అదే చెప్పలేకపోతన్నారు. మనం ఏయించిన సూది వల్లే." కాసేపు విన్నాడు. "లేదు, నొప్పి మాత్రం కాలు తీసిన నాటితో పోతాదట. ఎముక లోపలి నొప్పట అది. పొద్దున వాడు ఊపిరి బిగబట్టలే, అది." మళ్ళీ విన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని లేచాడు. "తీయించేయమంది."

వారంలో ఆపరేషన్ అయింది. భుజం రెక్క ఎముకతో సహా కాలు తీసేశారు. మీరు మర్నాడు పొద్దున వెళ్ళేసరికి టైగర్ నిలబడి ఉన్నాడు. సగం ఒళ్ళు గొరిగి, కుట్లు వరసగా కనపడుతున్నాయి. ఉన్న ముందరికాలిని శరీరం మధ్యకి తెచ్చుకుని బరువు దాని మీద ఆనించాడు. రెండడుగులు వేసి తూలాడు, మూడో అడుగుకి సర్దుకున్నాడు. చాలా వారాలుగా ఆ కాలిని వాడడం మానేసిన కుక్కకి మూడు కాళ్ళ నడక కొత్తేమీ కాదంది డాక్టరమ్మ.

కుట్లు ఊడదీశాక కీమో. మూడు వారాలకోసారి బొలెరో డొరగుడ నుంచి నాలుగింటికే బయల్దేరుతుంది. ఇప్పుడు టైగర్‌ని ఎత్తక్కర్లేదు, తనే ఎగిరి దుప్పటి మీద పడతాడు. ప్రతిసారీ మందు ఎక్కించే ముందు రక్తం తీస్తారు, తెల్లకణాలు మరీ పడిపోలేదు కదా అని. రెండో కీమోకి ఆల్క్ ఫాస్ కూడా మళ్ళీ చేయించారు. ఈసారి అంకె పక్కన 'హెచ్' లేదు.

మామయ్య ఆ రిపోర్టుని రెండు చేతులా పట్టుకున్నాడు. "తగ్గిందండి!"

"తగ్గింది," అంది డాక్టరమ్మ. "మంచిదే. కాలు తీశాక కూడా ఇది దిగకపోతే భయపడాలి. కానీ కణితి పోయినందుకు తగ్గిందా, డెక్సా వదిలినందుకు తగ్గిందా, నేను చెప్పలేను. మొదటి సూదికి ముందు రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి పెట్టుంటే చెప్పగలిగేదాన్ని. మీ ఊళ్ళో ఏ కుక్కయినా కుంటితే ఈ ఒక్క మాట చెప్పండి. ముందు ఫోటో, రక్తం. సూది ఆ తర్వాత."

తర్వాత ఆవిడ సొరుగులోంచి ఒక పొడుగాటి రిజిస్టరు తీసింది. అడ్డ గీతలు, నిలువు గీతలు. కుక్క జాతి, వయసు, బరువు, కణితి చోటు, ఆల్క్ ఫాస్, మోనోసైట్లు, వైద్యం. చివర ఒక గడి. చాలా వరసల్లో ఆ చివరి గడి ఖాళీగా ఉంది.

"ఇవన్నీ బతికున్నాయా?" అని మీరు అడిగారు.

"తెలీదు. కీమో అయిపోయాక ఫోను చేయరు. పోయాక అసలే చేయరు. బాధలో ఉంటారు, నేనూ అడగలేను. ఇక్కడి కుక్కల లెక్క ఇక్కడ ఎవరి దగ్గరా లేదు. అందుకే మీరు అడిగిన ప్రశ్నకి కొలరాడో కుక్కల్ని చూసి జవాబు చెప్తున్నాను." ఆవిడ మామయ్య వైపు తిరిగింది. "మీరు రాసే అలవాటున్నవాళ్ళు. ఆ రోజు వచ్చినప్పుడు నాకొక ఫోను చేయండి. తేదీ చాలు."

మామయ్య తల ఊపాడు. కొండ దారిలో ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

ఆ రాత్రి డొరగుడలో కొట్టు తలుపులు సగం దించి ఉన్నాయి. మామయ్య ఖాతా పుస్తకంలో కొత్త పేజీ తీసి స్కేలు పెట్టి గీతలు గీస్తున్నాడు. మీరు లైటు కాస్త వంచి పట్టుకున్నారు. పాత పేజీల్లోంచి సూదుల తేదీలు మూడూ ఎక్కించాడు. ఎక్స్‌రే తేదీ, ఆపరేషన్ తేదీ, కీమోలు రెండు, బరువు, ఆల్క్ ఫాస్ ముందు, ఆల్క్ ఫాస్ తర్వాత. కుడి చివర ఇంకో నిలువు గీత గీయబోతుంటే అత్తమ్మ వచ్చి వెనక నిలబడింది.

"ఆ ఆఖరి గడి గీయకండి."

"గీయకపోతే ఎలా? డాక్టరమ్మ లెక్కలోకి వీడు రాడు. రేపు ఇంకెవరి కుక్కకో లైను చూసేటప్పుడు వీడి చోటు ఖాళీగా ఉండిపోతాది."

అత్తమ్మ ఏమీ అనలేదు. బల్ల కింద టైగర్ ఒత్తిగిలి, ఉన్న ముందరికాలు చాపుకుని మళ్ళీ కళ్ళు మూశాడు. మామయ్య గీత పూర్తి చేశాడు. అప్పుడావిడ ముందుకి వంగి పేజీ పైన రాసింది చదివింది. కుక్క, అని ఉంది.

"కుక్క అని రాసినారేటండీ? ఆడికి పేరు లేదా?"

మామయ్య చేతిలోంచి పెన్ను తీసుకుని ఆ మాట అడ్డంగా కొట్టేసింది. పక్కనే, కొంచెం పెద్ద అక్షరాలతో, టైగర్ అని రాసింది.